జ్ఞాపకాలకు నెలసరి అద్దె ఎందుకు?

(అనుమసముద్రంపేటలో జరిగిన విశ్రాంత ఉద్యోగుల సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాలలో సాధారణంగా డి.ఎ. బకాయిలు, పి.ఆర్.సి., వైద్య ఖర్చుల రీయింబర్సుమెంటు వంటి విషయాలు చర్చకు వస్తాయి. ఈసారి కార్యదర్శి గారు నన్ను కంప్యూటరులో కుటుంబ ఫోటోల పుస్తకం చేసుకోవడం గురించి చెప్పమన్నారు. ఇది కాలక్షేపం వ్యవహారం కదా అని కొందరికి అనిపించవచ్చు. దీనికీ మన పెన్షనుకూ సంబంధం ఉన్నది. అంతకన్నా ముఖ్యంగా, మనం పోయిన తరువాత మన ఇంట్లో మిగిలే వాటితో సంబంధం ఉన్నది.

పాత ఫోటోలు, పెళ్ళి శుభలేఖలు, ఉత్తరాలు, పత్రికలో పడిన కత్తిరింపులు ఒక పుస్తకంలో అంటించి, పక్కన నాలుగు మాటలు రాసుకునే అలవాటు చాలా పాతది. దానిని స్క్రాప్‌బుక్ అంటారు. టామ్ సాయర్ కథ రాసిన అమెరికా రచయిత మార్క్ ట్వేన్, జిగురు ముందే పూసి ఉన్న స్క్రాప్‌బుక్‌కు 1873లో పేటెంటు కూడా తీసుకున్నారు. ఈ కాలంలో జిగురు, కత్తెర పని కంప్యూటరు చేస్తున్నది. పేజీ తయారు చేసి అచ్చు వేయించుకోవచ్చును, విదేశంలో ఉన్న పిల్లలకు పంపించుకోవచ్చును.

చిక్కంతా సాఫ్టువేరు దగ్గర వస్తున్నది. ఫోటో పని అనగానే అందరూ చెప్పే పేరు ఫోటోషాప్. ఒకప్పుడు దానిని ఒకసారి కొనుక్కుంటే అది మనదే. దానిని తయారు చేసే అడోబి కంపెనీ 2013లో ఆ పద్ధతి మార్చి, ఇకపై కొత్త వెర్షన్లు చందా మీదనే ఇస్తామని ప్రకటించింది. నెలకో సంవత్సరానికో డబ్బు కడుతున్నంత కాలమే అది పనిచేస్తుంది. స్టూడియో పెట్టుకుని రోజుకు పది పెళ్ళిళ్ళ ఫోటోలు దిద్దేవారికి అది గిట్టుబాటు కావచ్చును. ఆ సాఫ్టువేరు నాణ్యతను నేను తప్పుపట్టడం లేదు. మన సంగతి వేరు. లెక్క కోసం నెలకు వెయ్యి రూపాయల చందా అనుకుందాం. సంవత్సరానికి 12,000, పదేళ్ళకు 1,20,000 రూపాయలు. మనం ఆల్బం పని చేసేది ఏ సంక్రాంతికో, వేసవిలో మనుమలు వచ్చినప్పుడో. మిగిలిన నెలలకు కూడా అద్దె కడుతూనే ఉండాలి.

డబ్బు కంటే పెద్ద సంగతి మరొకటి ఉన్నది. చందా ఆగిన రోజున మన ఫైళ్ళు మన కంప్యూటరులోనే ఉంటాయి గాని, వాటిని తెరిచే సాధనం మూతపడుతుంది. పెట్టె మనది, తాళంచెవి మాత్రం పరాయివారిది అన్నట్లు. ఇల్లాలి పెన్షను ఫ్యామిలీ పెన్షనుగా తగ్గినప్పుడు మొదట ఆగిపోయేది ఇటువంటి చందాయే. భర్త ఎంతో ఇష్టంగా చేసిన ఆల్బంలో ఒక పేరు సరిచేయాలన్నా ఆమెకు వీలుండదు.

దీనికి విరుగుడుగా కొందరు దుకాణంలో దొంగ కాపీ వేయించుకుంటున్నారు. అది చట్టవిరుద్ధం. అంతేకాక, తాళం పగలగొట్టిన అటువంటి కాపీలతో పాటు వైరస్ రావచ్చును. అదే కంప్యూటరులో మనం బ్యాంకు ఖాతా చూసుకుంటాం. ఒక ఫోటో కోసం పెన్షను ఖాతాను ప్రమాదంలో పెట్టవద్దని గట్టిగా మనవి చేస్తున్నాను. అవసరం కూడా లేదు. న్యాయంగా, ఉచితంగా దొరికే సాధనాలు చాలా ఉన్నాయి.

ఏ సాధనమైనా తీసుకునే ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. నెలనెలా డబ్బు కట్టాలా? రేపు కట్టకపోతే నా పని తెరుచుకుంటుందా? తెలుగు అక్షరం ఒత్తులతో, గుణింతాలతో సరిగా పడుతుందా? ఈ మూడింటికీ సరైన జవాబు చెప్పేవాటిని ముందుగా వివరిస్తాను.

మొదటిది జింప్. అమెరికాలో బర్క్‌లీ విశ్వవిద్యాలయ విద్యార్థులైన స్పెన్సర్ కింబాల్, పీటర్ మాటిస్ దీనిని 1995లో మొదలుపెట్టారు. ప్రపంచం నలుమూలల నుండి స్వచ్ఛంద కార్యకర్తలు దానిని పెంచుతూ వచ్చారు. 2025 మార్చిలో 3.0 వెర్షను వచ్చింది. ఇది స్వేచ్ఛా సాఫ్టువేరు. అంటే ఎవరైనా వాడుకోవచ్చును, పెన్‌డ్రైవులో పక్కింటివారికి కాపీ ఇచ్చినా దొంగతనం కాదు. వెలిసిపోయిన ఫోటోకు ఇందులో కలర్స్ అనే జాబితాలో లెవెల్స్ తెరిచి, ఆటో ఇన్‌పుట్ లెవెల్స్ అనేది నొక్కితే చాలావరకు తేట వస్తుంది. మడత పడిన గీతలు, బూజు మచ్చలు పోగొట్టడానికి హీలింగ్ అనే సాధనం ఉన్నది. కంట్రోల్ మీట పట్టుకుని బాగున్న చోట ఒకసారి నొక్కి, తరువాత మచ్చ మీద రుద్దాలి. ముఖం మీద మాత్రం ఎక్కువగా రుద్దకండి. మచ్చతో పాటు మనిషి పోలిక కూడా పోతుంది. దీనిని జింప్ వారి సొంత వెబ్‌సైటు నుండే దించుకోవాలి. 2015లో మరొక వెబ్‌సైటు దీనికి ప్రకటనల సాఫ్టువేరు తగిలించి ఇచ్చి అల్లరైంది.

రెండవది లిబ్రే ఆఫీస్. 2010లో ఓపెన్ ఆఫీస్ నుండి విడిపోయి వచ్చింది. ఉత్తరాలు, లెక్కల పట్టికలతో పాటు ఇందులో డ్రా అనే విభాగం ఉన్నది. ఆఫీసులో ఒకప్పుడు టైపు చేసిన వారికి ఇది చాలా సులువు. ఏ4 పేజీ తెరిచి, ఫోటో పెట్టి, కింద పేరు రాసి, పీడీఎఫ్‌గా ఎగుమతి చేస్తే పేజీ సిద్ధం. దీని మెనూలు తెలుగులో కూడా దొరుకుతాయి. మొదటి ఆల్బం దీనితోనే చేయండి.

మూడవది స్క్రైబస్. ఇది పత్రికల పేజీలు కూర్చే సాధనం వంటిది. ముద్రణకు పంపే పెద్ద పుస్తకం చేయాలనుకునే వారికి పనికివస్తుంది. 2024 జనవరిలో వచ్చిన 1.6 స్థిర వెర్షను నుండి తెలుగు వంటి లిపులు సక్రమంగా కుదురుతున్నాయి. నేర్చుకోవడానికి కొంత ఓపిక కావాలి.

మిగిలినవి క్లుప్తంగా చెబుతాను. ఫోటోపీ అనేది ఇంటర్నెట్ బ్రౌజరులోనే పనిచేస్తుంది. పక్కన ప్రకటనలు వస్తాయి గాని డబ్బు అడగదు. ఫోటోషాప్ ఫైళ్ళను కూడా తెరుస్తుంది. స్టూడియోవారు ఇచ్చిన పాత ఫైలు చూసుకోవడానికి ఇది చాలు. ఫోనులో దిద్దుకోవడానికి గూగుల్ వారి స్నాప్‌సీడ్ ఉన్నది. కాన్వా ఉచిత భాగంలో తయారు నమూనాలు చాలా ఉన్నాయి గాని, పని అంతా వారి కంప్యూటర్లలో ఉంటుంది కనుక పూర్తయిన ప్రతి పేజీని దించుకుని దాచుకోవాలి. ఒకప్పుడు ఒకేసారి వెల కట్టి కొనే అఫినిటీని 2024లో ఆ కాన్వా కంపెనీయే కొన్నది. 2025 అక్టోబరు నుండి ఉచితంగా ఇస్తున్నది.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. కంపెనీ ఉచితంగా ఇవ్వడం వేరు, స్వేచ్ఛా సాఫ్టువేరు వేరు. కంపెనీ తన ఇష్టం మారితే ఆపివేయవచ్చును. గూగుల్ వారి పికాసా చాలామంది వాడారు, 2016లో నిలిపివేశారు. గూగుల్ ఫోటోస్‌లో లెక్కలేకుండా దాచుకునే సౌకర్యం 2021 జూన్ 1తో ముగిసింది. ఇప్పుడు ఉచితంగా 15 జీబీ, అది కూడా మెయిలుతో కలిపి. అందుచేత ఏది వాడినా, చివరికి పని జేపెగ్, పీడీఎఫ్ వంటి అందరూ తెరవగల రూపంలో మన దగ్గర ఉండాలి. పీడీఎఫ్ 2008 నుండి అంతర్జాతీయ ప్రమాణం.

ఇక తెలుగు అక్షరం సంగతి. మన ఊళ్ళలో డి.టి.పి. వారు ఎక్కువగా అను ఫాంట్లలో కొడతారు. పాత పద్ధతిలో కొట్టినది ఆ ఫాంటు లేని కంప్యూటరులో పిచ్చి గీతలుగా కనబడుతుంది. మనం యూనికోడ్ తెలుగు వాడాలి. తిరుమల కృష్ణ దేశికాచార్య గారు రూపొందించిన పోతన, వేమన ఫాంట్లు ఉచితం. సిలికానాంధ్ర వారు వెలువరించిన రామభద్ర, మండలి, సురవరం, గిడుగు మొదలైనవి కూడా ఉచితమే. ఇది నాయబ్ రసూల్ దర్గా ఉన్న ఊరు. ఇక్కడి అనేక కుటుంబాలలో పెద్దల పేర్లు ఉర్దూలో రాసి ఉంటాయి. యూనికోడ్ వాడితే ఒకే పేజీలో తెలుగు, ఉర్దూ రెండూ పెట్టుకోవచ్చును.

ఇక పని పద్ధతి. నల్లతెలుపు ఫోటోలు కొంత నిలుస్తాయి. 1970, 80 దశకాల రంగుల ఫోటోలు ముందుగా వెలిసిపోతాయి. కనుక వాటితో మొదలుపెట్టండి. స్కానరు ఉంటే 4 అంగుళాలు 6 అంగుళాల ఫోటోను అంగుళానికి 600 చుక్కల చొప్పున స్కాన్ చేయండి. 2400కు 3600 చుక్కల బొమ్మ వస్తుంది. ఏ4 పేజీ నిండా మంచి అచ్చు కావాలంటే 2480కి 3508 ఉండాలి. అంటే చిన్న ఫోటో కూడా దాదాపు పూర్తి పేజీకి సరిపోతుంది. స్కానరు లేకపోతే ఉదయం పూట వరండా నీడలో, ఫ్లాష్ లేకుండా, ఫోనును ఫోటోకు సమాంతరంగా పట్టి తీయండి. అద్దానికి అతుక్కున్న ఫోటోను, జిగురు పేజీకి కరుచుకున్న ఫోటోను ఊడబెరకవద్దు. ఉన్నదున్నట్లే తీయండి. మొదటి కాపీని ముట్టుకోకుండా దాచి, రెండవ కాపీ మీద దిద్దండి. జేపెగ్‌ను మార్చి దాచిన ప్రతిసారీ కొంత నాణ్యత పోతుంది.

వీటన్నింటికన్నా ముఖ్యమైనది పేర్లు. మన సంఘంలోని ఒక సోదరి వద్ద భర్త రిటైర్మెంటు నాటి గ్రూపు ఫోటో ఒకటే ఉన్నది. అందులో 26 మంది. ఆమె 19 మందిని గుర్తుపట్టారు. ఆత్మకూరులో ఉన్న పాత సహోద్యోగులను అడిగితే మరి నలుగురి పేర్లు తెలిశాయి. మిగిలిన ముగ్గురు ఎవరో చెప్పగలవారు ఇప్పుడు లేరు. మచ్చలను సాఫ్టువేరు తుడవగలదు, రంగు తేగలదు. పేరును ఏ సాఫ్టువేరూ తేలేదు. అది మన తలలోనే ఉన్నది, మనతోనే పోతుంది.

మనలో కొందరి ఊళ్ళు సోమశిల నీటి కింద ఉన్నాయి. ఆ ఇంటి అరుగు, ఆ గుడి, ఆ బడి ఇప్పుడు ఫోటోలోనే ఉన్నాయి. 1989 నవంబరు కావలి తుఫాను, 2021 నవంబరు పెన్నా వరదలు చూసినవాళ్ళం. ట్రంకుపెట్టెలో ఉన్న ఒక్క కాపీని నమ్ముకోరాదు. ఒక కాపీ కంప్యూటరులో, ఒకటి పెన్‌డ్రైవులో, ఒకటి వేరే ఊరిలో ఉన్న కొడుకు దగ్గరో కూతురు దగ్గరో ఉంచండి. వాట్సాప్‌లో పంపేటప్పుడు ఫోటోగా కాక డాక్యుమెంటుగా పంపండి. ఫోటోగా పంపితే నాణ్యత తగ్గుతుంది. అచ్చు వేయించి, స్పైరల్ బైండింగు చేయించిన ఒక ప్రతి ఇంట్లో ఉండాలి. కరెంటు లేనప్పుడు కూడా అది తెరుచుకుంటుంది.

మాకు కంప్యూటరు రాదు అని కొందరు అనవచ్చును. లైఫ్ సర్టిఫికెట్ వేలిముద్రతో ఇవ్వడం కూడా ఒకనాడు రాదనే అనుకున్నాం. నేర్చుకున్నాం. మౌసు పట్టే పని మనుమరాలు చేయవచ్చును. పక్కన కూర్చుని, వీరు మీ తాతగారి చిన్నాన్న, వీరు అప్పటి హెడ్మాస్టరు అని చెప్పే పని మాత్రం మనదే.

చివరగా మన కార్యవర్గానికి మూడు సూచనలు. ఒకటి, సంఘం ఆఫీసు కంప్యూటరులో జింప్, లిబ్రే ఆఫీస్ వేయించి, సభ్యులకు పెన్‌డ్రైవులో కాపీలు ఇవ్వాలి. రెండు, ఒక స్కానరు కొని, నెలకు ఒక రోజు సభ్యుల ఫోటోలు స్కాన్ చేసే ఏర్పాటు చేయాలి. మూడు, ప్రతి సంచికలో ఒక పాత గ్రూపు ఫోటో వేసి, తెలియని పేర్లు చెప్పమని సభ్యులను కోరాలి. ఆ ముగ్గురి ఫోటోతోనే దీనిని ఆరంభించవచ్చును. మీలో ఎవరికైనా వారు తెలిసి ఉండవచ్చును.