ఒక్క సీసా కోసం

(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మరపురాని అనుభవం ఒకటి చెప్పమన్నారు. ఎక్సైజు శాఖలో ముప్పైమూడేళ్ళు సీసాలు పట్టుకున్నవాణ్ణి, పంచనామా రాసి పగలగొట్టించినవాణ్ణి. 1995 సంపూర్ణ మద్యనిషేధం రోజుల్లో నా ముందు పగిలిన సీసాలకు లెక్కలేదు. అలాంటివాణ్ణి ఒకే ఒక్క సీసా కోసం మూడు రోజులు పరాయి ఊళ్ళో తిరిగాను.

మా అబ్బాయి దివిసీమ ఉప్పెన వచ్చిన 1977లో పుట్టాడు. ఉద్యోగానికి పోర్చుగల్ వెళ్ళి, 2008లో అక్కడి అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాడు. నేను వెళ్ళలేదు. అయిదేళ్ళు, ఫోను మోగితే మా ఆవిడ చేతికిచ్చి వీధిలోకి నడిచేవాణ్ణి. 2013లో మనుమరాలు పుట్టింది. "మీరు రాకపోతే నేనొక్కదాన్నే పోతాను" అంది ఆవిడ. బయల్దేరక తప్పలేదు.

కోడలి పుట్టిల్లు మదీరా ద్వీపంలోని ఫుంషాల్. వియ్యంకుడి ఇంటికి వట్టిచేతులతో ఎలా వెళ్ళడం? వాణ్ణే అడిగాను. "ఆయనకు పాత వైన్లంటే ఇష్టం, నాన్నా" అన్నాడు ముక్తసరిగా. అయితే వాడు పుట్టిన ఏటిదే కొనాలని పట్టు పట్టాను.

ఆ వైను కథ విచిత్రం. పూర్వం ఈస్టిండియా కంపెనీ ఓడలు మన దేశానికి వస్తూ మదీరాలో ఆగి పీపాలు ఎక్కించుకునేవి. సముద్రపు వేడికి పాడవకపోగా దాని రుచి ఇంకా పెరిగింది. అందుకే మేలురకం పీపాలను ఈనాటికీ ఎండ వేడి తగిలే అటకల మీద ఉంచుతారు. ‘ఫ్రాస్కైరా’ అనే రకం కనీసం 20 ఏళ్ళు పీపాలో మగ్గాలి.

మొదటి కొట్లో 1977 లేదు. రెండో కొట్లో నూరేళ్ళ నాటి సంవత్సరం వేసిన సీసా చూపారు. పక్కన ‘సొలేరా’ అని ఉంది. అంటే పాత పీపాలో ఏటేటా కొంత తీసి, కొత్తది కలుపుతూ వచ్చినదన్నమాట. వద్దన్నాను. మరో చోట 1977 దొరికింది గాని, మట్టం మెడ కిందికి జారింది, సీలు చిరిగింది. సీలు చూడటం నా వృత్తి కదా! ఆ కొట్టువాడు నన్ను పెద్ద వైను పండితుడనుకున్నాడు. మూడో రోజు సాయంత్రం ఒక పాత కొట్లో సీలు చెదరనిది దొరికింది. సీసాలను నిలబెట్టి ఉంచారు. పడుకోబెడితే అందులోని పులుపు బిరడాను తినేస్తుందట. 180 యూరోలు లెక్కపెట్టి ఇచ్చాను. పెన్షనరు గుండె ఎలా కొట్టుకుందో మీకు వేరే చెప్పాలా?

వియ్యంకుడికి ఇంగ్లీషు రాదు, నాకు పోర్చుగీసు రాదు. సీసా మీది సంవత్సరం చూసి ఆయన అల్లుడి వంక చూశాడు. తర్వాత లేచి నన్ను కౌగిలించుకున్నాడు. అనువాదం చెయ్యడానికి అబ్బాయి మా ఇద్దరి మధ్య కూర్చోవలసి వచ్చింది. అయిదేళ్ళ తర్వాత వాడి గొంతు అంతసేపు విన్నాను. నేను పుచ్చుకోనని ముందే చెప్పడంతో వాసన చూడమన్నారు. మా అమ్మ అరిసెలకు పట్టే బెల్లప్పాకం గుర్తొచ్చింది. అదే మాట పైకి అంటే, "నాకూ నానమ్మే గుర్తొచ్చింది, నాన్నా" అన్నాడు వాడు.

మిగిలిన సగం సీసాకు బిరడా బిగించి పెట్టారు. తెరిచాక కూడా నెలల తరబడి చెడదట.

మనలో పిల్లల మీద అలిగినవారెవరైనా ఉంటే ఒక్క మనవి. సీసాలేమీ కొననక్కరలేదు. ఈసారి ఫోను మోగితే మీరే ఎత్తండి.