నమ్మదగిన షెడ్డు
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



పంచాంగ శ్రవణానికీ పిల్లల నాటకానికీ మధ్య పది నిమిషాలు నాకు కేటాయించి, మీకు తోచిన విషయం మాట్లాడమని కార్యదర్శిగారు సెలవిచ్చారు. నాకు తోచిన విషయం కారు చక్రాలు. ఉగాదినాడు యిదేమి ప్రసంగమని మీరు నవ్వవచ్చు. కాని 1936లో ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమై, సరిహద్దు గీత యిచ్ఛాపురం దగ్గర పడిన నాటినుంచీ మన బరంపురం తెలుగువారి బ్రతుకు ఆ గీతకు అటూ యిటూ తిరగడంతోనే గడుస్తున్నది. పెండ్లికి శ్రీకాకుళం వెళ్ళాలి, పెద్ద ఆసుపత్రికి విశాఖపట్నం వెళ్ళాలి. వెనుక రైలెక్కేవాళ్ళం. ఇప్పుడు చాలా యిళ్ళవారు పిల్లాపాపలతో సొంత కారులోనే బయలుదేరుతున్నారు. ఆ కారు నాలుగు చక్రాలమీద నడుస్తున్నది గనుక, ఆ చక్రాలను సరిచేసేవాడు యెవడో మనం తెలుసుకోవాలి.

ముందుగా వొక మాట. నేను మిస్త్రీని కాను. పాతికేళ్ళు లారీల వర్క్‌షాపులో కూర్చుని మిస్త్రీల బిల్లులు రాసినవాణ్ణి. ఆ అనుభవంతో అన్నీ తెలుసుననుకునేవాణ్ణి. తెలియదని మా మేనల్లుడి కారు నేర్పింది.

కారు యెడమవైపు లాగుతున్నదని అతను నాతో చెప్పాడు. ఊళ్ళో వొక షెడ్డుకు వెళ్ళమన్నాను. ఎందుకు ఆ షెడ్డే అంటే, యజమాని మన తెలుగువాడు, మాట మంచిది. అంతకుమించి నేను చూసింది లేదు. అక్కడివాళ్ళు అరగంటలో పని ముగించి, డబ్బు తీసుకుని, "సరి అయింది, వెళ్ళండి" అన్నారు. కాగితం యివ్వలేదు, మావాడు అడగలేదు. ఆరు నెలలు గడిచాయి. కుటుంబంతో శ్రీకాకుళం వెళుతుండగా టెక్కలి దాటిన తరువాత ముందు యెడమ టైరు పేలింది. కారు రోడ్డు దిగి పొలంగట్టుకు ఆనుకుని ఆగింది. దేవుడి దయవల్ల యెవరికీ దెబ్బ తగలలేదు. పిల్లలు మాత్రం చాలా రోజులు నిద్రలో ఉలిక్కిపడ్డారు. ఆ టైరు బయటి వైపు కొత్తదానిలా వున్నది. లోపలి అంచు మాత్రం తీగలు బయటపడేదాకా అరిగిపోయింది. మా అప్ప నన్ను చూసి, "నీ మాట నమ్మి పంపాను కదరా తమ్ముడా!" అన్నది. దానికి నావద్ద జవాబు లేకపోయింది.

ఆ షెడ్డు పేరు చెప్పను. తప్పులో సగం నాది. ఎలా యెంచుకోవాలో తెలియకుండా సలహా చెప్పడమే నా తప్పు. అప్పటినుంచి నేర్చుకున్నది మీకు మనవి చేస్తాను.

చక్రాలు వుండవలసిన కోణంలో వుండేటట్లు చేయడాన్ని అలైన్‌మెంటు అంటారు. అందులో మూడు లెక్కలు వున్నాయి. పైనుంచి చూస్తే చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగివుండడం టో. ఎదురుగా నిలబడి చూస్తే చక్రం పైభాగం లోపలికో బయటికో వాలడం కాంబర్. మలుపు తిరిగిన తరువాత స్టీరింగు తనంతట తాను తిన్నగా రావడానికి తోడ్పడే కోణం కాస్టర్. టైరును త్వరగా తినేది ముఖ్యంగా టో. ఒక చక్రం అర డిగ్రీ పక్కకు తిరిగివుంటే, కిలోమీటరు దూరంలో సుమారు తొమ్మిది మీటర్లు అడ్డంగా రాసుకుంటుంది. ఇక్కడినుంచి విశాఖపట్నం సుమారు 260 కిలోమీటర్లు. అంటే ఆ టైరు రెండు కిలోమీటర్లకు పైగా రోడ్డుమీద అడ్డంగా ఈడ్చుకుపోయినట్లే! ఇక అరగక యేమౌతుంది?

బాలెన్సింగు వేరే పని. వేగం పెరిగినప్పుడు స్టీరింగు వణికితే బాలెన్సింగు చూపించాలి. కారు వొక పక్కకు లాగినా, తిన్నని రోడ్డుమీద స్టీరింగు వంకరగా నిలిచినా, టైరు వొక అంచు అరిగినా అలైన్‌మెంటు చూపించాలి. దానికి ముందు నాలుగు టైర్లలో గాలి సరిగా వున్నదో లేదో చూసుకోండి. గాలి తేడావల్ల కూడ కారు లాగుతుంది. కారుతో వచ్చిన పుస్తకంలో గడువు యిచ్చివుంటే అదే పాటించండి. సామాన్యంగా పదివేల కిలోమీటర్లకు వొకసారి చూపించడం మంచిది. పెద్ద గోతిలో పడినప్పుడు, కొత్త టైర్లు వేయించినప్పుడు, స్టీరింగు భాగాలు మార్చినప్పుడు గడువుకోసం ఆగకూడదు.

ఇక షెడ్డు సంగతి. మంచి మిస్త్రీ కారును తిన్నగా యంత్రం యెక్కించడు. ముందు గాలి చూస్తాడు. చక్రాన్ని పైకెత్తి, గడియారంలో మూడు, తొమ్మిది అంకెలుండే చోట్ల రెండు చేతులతో పట్టుకుని కదుపుతాడు. తరువాత పన్నెండు, ఆరు అంకెల చోట పట్టుకుని కదుపుతాడు. టైరాడ్ ఎండు, బాల్ జాయింటు, బేరింగు వదులైతే అక్కడ తెలిసిపోతుంది. వదులు భాగాలమీద చేసిన అలైన్‌మెంటు నిలవదు.

రెండవది కాగితం. కంప్యూటరు యంత్రంలో మీ కారు మోడలునే యెంచారా అని చూడండి. పనికి ముందు కొలతలు, పని తరువాత కొలతలు, కంపెనీ చెప్పిన హద్దులు, ఈ మూడూ వున్న కాగితం అడగండి. ఇవ్వనంటే మరో షెడ్డు చూసుకోండి.

మూడవది, "కాంబర్ కూడ పోయింది, దానికి వేరే డబ్బు" అంటే తొందరపడకండి. చాలా చిన్న కార్లలో ముందు చక్రాల టో మాత్రమే సరిచేయడానికి వీలుంటుంది. కాంబర్ హద్దు దాటితే యేదో భాగం వంగిందనో అరిగిందనో అనుమానించాలి. ఆ భాగం చూపించమనండి. సుత్తితో కొట్టి, జాకీతో వంచి సరిచేస్తామంటే వద్దనండి.

నాలుగవది, యేదైనా మార్చాలంటే వదులును మన కళ్ళతో చూపించాలి, పాత భాగం మన చేతికివ్వాలి. ధర ముందే చెప్పాలి. చివరగా, బిగించవలసిన నట్లు బిగించి, మనల్ని పక్కన కూర్చోబెట్టుకుని తిన్నని రోడ్డుమీద నడిపి చూపించాలి.

ఇవన్నీ నాకు నేర్పినవాడు వొక ఒడియా కుర్రవాడు. టైరు పేలిన తరువాత కారు అతని షెడ్డుకు తీసుకువెళ్ళాము. చక్రం కదిపి చూసి, యంత్రం ముట్టుకోకుండానే, "మౌసా, టైరాడ్ ఎండు వదులైపోయింది. అది మార్చకుండా అలైన్‌మెంటు చేస్తే మీ డబ్బు దండగ" అన్నాడు. నా చేయి పట్టుకుని ఆ వదులు నాచేతనే తడిమించాడు. చూసినందుకు పైసా తీసుకోలేదు. చేతికి వచ్చే పనిని వద్దని చెప్పగలిగినవాడే నమ్మదగినవాడని ఆనాడు నాకు తెలిసింది.

పరాయి వూళ్ళో మన భాష వినబడితే ప్రాణం లేచి వస్తుంది. అది సహజం, అందుకే యీ సంఘం వున్నది. కాని భాష చుట్టరికానికి పనికివస్తుంది, చక్రానికి కొలతే కావాలి. మన తెలుగు షెడ్లలోనూ నిజాయితీపరులు లేకపోలేదు. వారినీ యిదే కొలతతో కొలుద్దాం. సంఘం కార్యాలయంలో వొక నోటుపుస్తకం పెట్టి, యే షెడ్డు కాగితం యిచ్చింది, యేది యివ్వలేదు అని మన కుటుంబాలవారు రాసివుంచితే యెంతో మేలు. ఆ పుస్తకం నేను కొని యిస్తాను.

ఈ సాయంకాలం యింటికి వెళ్ళేముందు స్టీరింగు పూర్తిగా వొక పక్కకు తిప్పి, ఇంజను ఆపి, ముందు టైర్ల లోపలి అంచు వొక్కసారి చూడండి. బయటి అంచు అందరికీ కనిపిస్తుంది. మావాడి ప్రాణంమీదికి తెచ్చింది లోపలిది.

ఉగాది పచ్చడిలో వేపపువ్వులాగ నా మాట కొంచెం చేదుగా వున్నా మన్నించండి. కొత్త సంవత్సరంలో మీ ప్రయాణాలన్నీ క్షేమంగా సాగాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.