ఈసుకుపోయే రోగం: పెయ్యదూడకే టీకా ఎందుకు?
(మండల సమాఖ్య వార్షిక మహాసభలో పశుపోషణ ఉపకమిటీ తరఫున చేసిన ప్రసంగం)



పోయిన మహాసభలో ఒక చెల్లెలు లేచి అడిగింది. "మా గేదె ఏడో నెలలో ఈసుకుపోయింది. సంఘం అప్పు ఇంకా తీరలేదు. టీకా ఉందంటారు, మరి పాలిచ్చే గేదెకు వెయ్యరేం?" అని. అప్పుడు మేము సరిగ్గా జవాబు చెప్పలేకపోయాం. తర్వాత కనుక్కున్నది ఇప్పుడు చెబుతాం.

ఈ రోగం పేరు బ్రూసెల్లోసిస్. ఒంట్లోకి సూక్ష్మజీవి వస్తే దాన్ని మింగి చంపే కణాలుంటాయి కదా, ఇది ఆ కణాల్లోకే పోయి కాపురం పెడుతుంది. దొంగ వెళ్లి పోలీసు స్టేషన్లో దాక్కున్నట్టు! రక్తంలోని యాంటీబాడీలు బయట తిరిగేదాన్ని పట్టుకుంటాయి గాని, లోపల దాక్కున్నదాన్ని ఏమీ చెయ్యలేవు.

ఈ గుట్టు చాలావరకు చిట్టెలుకల్లో బయటపడింది. గేదెల మీద పరిశోధనంటే ఖర్చూ ఎక్కువ, కాలమూ ఎక్కువ. ఎలుకకైతే సూక్ష్మజీవిని ఎక్కించి, కొన్ని వారాలకు దాని ప్లీహంలో ఎన్ని మిగిలాయో లెక్కపెడతారు. బాల్బ్-సి అనే తెల్ల ఎలుకల్లో ఎక్కువ మిగిలాయి, సి57 బ్లాక్-6 అనే నల్ల ఎలుకలు బాగా తగ్గించుకున్నాయి. తేడాకు ఒక ముఖ్య కారణం ఇంటర్‌ఫెరాన్ గామా. టి కణాలు పంపే కబురు లాంటిది అది. ఆ కబురు అందితేనే, మింగిన కణం లోపలి శత్రువును గట్టిగా ఎదుర్కొంటుంది. అది తయారు కాకుండా చేసిన నల్ల ఎలుకలు ఈ రోగంతో చచ్చిపోయాయి, మామూలు నల్ల ఎలుకలు బతికాయి.

ఆ కబురు బాగా పుట్టాలంటే టీకాలో ఉండేది బతికున్న, బలం తగ్గిన సూక్ష్మజీవి కావాలి. మన దూడలకు వేసే ఎస్-19 అలాంటిదే. 1923లో అమెరికాలో జాన్ బక్ అనే ఆయన ఒక జెర్సీ ఆవు పాల నుంచి తీసిన సూక్ష్మజీవి, ఏడాదికి పైగా గది వేడిలో పడి ఉండి మెత్తబడింది. అంటే టీకా ముందే దొరికింది, అది ఎలా పనిచేస్తుందో తర్వాత ఎలుకలు చూపించాయి.

ఇప్పుడు చెల్లెలి ప్రశ్నకు వద్దాం. బతికున్న టీకా కాబట్టి చూడి గేదెకు వేస్తే దానివల్లే ఈసుకుపోవచ్చు. పైగా పెద్ద పశువు రక్తంలో యాంటీబాడీలు చాలాకాలం నిలిచిపోతాయి, పరీక్ష చేస్తే అది టీకా వల్లో రోగం వల్లో తేలదు. అందుకే 4 నుంచి 8 నెలల పెయ్యదూడకు ఒక్కసారే వేస్తారు. 2019లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ఇది ఉచితం. ఎనిమిది నెలలు దాటితే ఆ అవకాశం పోయినట్టే. దూడ పుట్టిన తేదీ సంఘం పుస్తకంలో రాయించండి.

మన చేతుల సంగతి కూడా చెప్పాలి. ఈసుకుపోయిన దూడనూ మాయనూ వట్టి చేతులతో తీసేది మనమే. తొడుగులు వేసుకోండి, కుక్కలకు పారేయకుండా లోతుగా గొయ్యి తీసి సున్నం వేసి పూడ్చండి. పాలు కాచకుండా తాగొద్దు. వచ్చిపోయే జ్వరం, కీళ్ల నొప్పులు ఉంటే డాక్టరుకు "మా గేదె ఈసుకుపోయింది" అని తప్పకుండా చెప్పండి. మనుషులకు మందులున్నాయి, వారాల తరబడి వాడాలి.

ఇంకొకటి, కష్టమైన మాట. ఈసుకుపోయిన గేదెను సంతకు తోలితే అది ఇంకో అక్క కొట్టంలో కడుతుంది. అప్పు మీద ఉన్నవాళ్లకు అమ్మొద్దని చెప్పడం మాకూ తేలిక కాదు. అలాంటి సభ్యురాలికి వాయిదాల గడువు పెంచాలని ఉపకమిటీ తరఫున ఈ సభ ముందు ప్రతిపాదన పెడుతున్నాం. చర్చించండి.