వార్తకు పూచీదారు లెవరు?

(వార్షిక మహాసభయందు గావించిన ఉపన్యాసము)



మన మూలపురుషుడగు మార్కండేయ మహర్షికి నమస్కరించి, సభవారు మాకు నిర్దేశించిన "నేటి కాలమున వార్తలు" అను విషయమును గూర్చి నాలుగు మాటలు విన్నవించుకొనెదము.

మన పెద్దల కాలమున వార్త యనగా అచ్చుపడిన కాగితము. 1914లో చెన్నపురినుండి దినపత్రికగా వెలువడనారంభించిన ఆంధ్రపత్రిక గాని, 1926లో సురవరము ప్రతాపరెడ్డిగారు హైదరాబాదున స్థాపించిన గోలకొండ పత్రిక గాని ఊరికి వచ్చినచో, చదువు వచ్చినవా డొకడు చదువగా పదిమంది వినుచుండిరి. వార్త యబద్ధమైనచో నడుగుటకు కాగితముపై నొక పేరుండెడిది. బ్రిటిషిండియాలో 1867 నాటి శాసనము ప్రతి పత్రికపైనను ముద్రాపకుని పేరును, ప్రకాశకుని పేరును, ముద్రణస్థలమును అచ్చువేయవలెనని విధించెను. దాని స్థానమున 2024 మార్చి 1వ తేదీనుండి క్రొత్త చట్టము వచ్చినను, పత్రికకు పూచీదారుడుండవలెనను నియమము తొలగిపోలేదు.

నేడు వార్త సెల్‌ఫోనునకే వచ్చుచున్నది. ఇందలి మేలును మేము కాదనము. నూలుధరయు, విద్యార్థివేతనముల గడువును తెలిసికొనుటకు దళారిని వేడవలసిన పనిలేదు. షోలాపురము, భీవండి, సూరతులకు బ్రదుకుదెరువునకై పోయిన మనవారు ఊరి కబురును క్షణములో వినుచున్నారు. 2005 నాటి సమాచారహక్కు చట్టము, ప్రభుత్వ కార్యాలయములు తమ వివరములను అంతర్జాలమున తామే ప్రకటింపవలెనని గూడ చెప్పుచున్నది.

అయినను, ఈ వార్తలలో పెక్కింటికి ముద్రాపకుడు లేడు. మనకు కనబడునది పంపినవాని పేరు మాత్రమే. అన్న పంపెనని నమ్ముదుము. అన్నకెవరు పంపిరో అడుగము. 2018 జూలై 1వ తేదీన మహారాష్ట్రమందలి ధూలే జిల్లాలో, రైన్‌పాడా గ్రామమున, భిక్షాటనముచే జీవించు గోసావి కులస్థు లైదుగురిని పిల్లల నెత్తుకొనిపోవువారను వదంతిని నమ్మిన జనులు కొట్టి చంపిరి. ఆ నెలలోనే వాట్సాపువారు, మన దేశమున నొక సందేశమును ఒక్కమారు ఐదింటికి మించి పంపకుండ కట్టడి చేసిరి. కట్టడి వేగమును తగ్గించును గాని, సత్యాసత్యములను తేల్చదు.

పరుల తప్పునే చెప్పి మాది దాచుట న్యాయము గాదు. నిరుడు మన జిల్లా బృందములోనికి "చేనేత కుటుంబములకు ప్రభుత్వ సహాయము, నేడే కడపటి దినము" అను సందేశము వచ్చెను. మేలు చేయుచున్నామను తలంపుతో, విచారింపకయే దానిని మరి మూడు బృందములకు పంపితిమి. అందలి లింకును నొక్కి బ్యాంకు వివరములిచ్చిన ఒక వితంతువు, చీరలు నేసి కూడబెట్టిన పండ్రెండువేల రూపాయలను పోగొట్టుకొనెను. ఆమె మమ్ము నిందింపలేదు. "సంఘమువారు పంపినది గదా యని నమ్మితిని" అని మాత్రమే యనెను. ఆ మాట నిందకంటె కఠినముగా తగిలెను. ఆమె నమ్మినది ఆ సందేశమును గాదు, మన సంఘమును.

కావున మహాజనులారా! పంపువాడే నేడు ప్రకాశకుడు. ఈ సభవారు క్రింది నియమముల నంగీకరింపవలెనని ప్రార్థించుచున్నాము. సంఘము పేర పోవు ప్రతి సమాచారము క్రిందను పరిశీలించినవారి పేరును, అది లభించిన చోటును వ్రాయవలెను. ప్రభుత్వ పథకమైనచో సంబంధించిన కార్యాలయమున విచారింపక పంపరాదు. కేంద్రప్రభుత్వ విషయములలోని నిజానిజములను తెలుపుటకు పత్రికా సమాచార కార్యాలయమువారు 2019లో నొక విభాగమునే నెలకొల్పిరి. కృత్రిమమేధ మనుష్యుని రూపమును, కంఠమును గూడ అనుకరించుచున్న యీ దినములలో, కంటితో చూచితిమనుట చాలదు. ఎవరైన సొమ్ము పోగొట్టుకొన్నచో సిగ్గుపడి దాచక, తక్షణమే 1930 సంఖ్యకు ఫోను చేయవలెను. ఆలస్యమైనకొలది సొమ్ము చేజారును.

తప్పు జరిగినచో, అది పోయిన ప్రతి బృందమునకును దిద్దుబాటును గూడ పంపవలెను. పడుగులో నొక పోగు తెగినప్పుడు మగ్గమాపి యతుకుట మన కులవిద్య. తెగిన పోగును దాచి నేసిన బట్ట అంగడిలో మన పేరునే చెరచును. వార్తయు నట్టిదే.

 మన సంఘమునకు శుభమగుగాక!