ఈ హాల్లో లేనివాళ్ల గురించి



ఇవాళ పీహెచ్‌డీ పట్టాలందుకున్న మీతోపాటే రిజిస్ట్రేషన్ చేసుకుని, మీ పక్కనే కూర్చుని కోర్సువర్క్ పరీక్షలు రాసిన కొందరు ఈ హాల్లో లేరు. వాళ్ల సిద్ధాంత గ్రంథాలు మధ్యలోనే ఆగిపోయాయి. తెలివిలో వాళ్లు మీకేమీ తీసిపోరు. మీ సంతోషం మధ్య వాళ్ల మాట ఎత్తుతున్నాను, మన్నించండి.

నయాపూల్‌కు ఇవతల సాలార్‌జంగ్ మ్యూజియంలో రాతప్రతులు, అవతల అఫ్జల్‌గంజ్‌లో 1891 నాటి ఆసఫియా గ్రంథాలయం. పాతబస్తీ స్కాలరుకు సామగ్రి కరువు లేదు. చిక్కు మొదలయ్యేదీ అక్కడే. ఇంకొక్క పుస్తకం చూశాక రాద్దామనుకుంటారు. రాసిన చాప్టరు బాగాలేదని గైడుకు చూపించరు. చూపించలేదు కనుక ఆయన ఫోన్ చేస్తే ఎత్తరు. నెలలు గడిచేకొద్దీ సిగ్గు పెరిగి, డిపార్ట్‌మెంటు ఛాయలకే రారు. దీన్ని బద్ధకం అనడం అన్యాయం. అది భయం.

బిరుదురాజు రామరాజు గారు తెలుగు జానపద గేయ సాహిత్యం మీద పరిశోధించి ఉస్మానియాలో 1956లో డాక్టరేట్ పొందారు. జానపద గేయాలకు అంతెక్కడ? ఊరికో పాట, నాట్లేసే మడికో పాట. అన్నీ దొరికాకే రాస్తానని కూర్చుంటే ఆ గ్రంథం మనకు దక్కేదే కాదు. దొరికినంతలో రాసి సమర్పించారు. ఆంధ్రయోగుల మీద ఆయన సంపుటాలు ఆ తర్వాత వచ్చినవే. సిద్ధాంత గ్రంథంతో జీవితకాలపు పని ముగిసిపోదు.

గడువు దాటిందని కుంగిపోయేవాళ్లకు నిబంధనలైనా చదివి వినిపించండి. యూజీసీ 2022 నిబంధనల్లో పీహెచ్‌డీకి ఆరేళ్లు, రీ-రిజిస్ట్రేషన్‌తో మరో రెండేళ్లు వీలుంది. మహిళలకు, దివ్యాంగులకు ఆపైన ఇంకో రెండేళ్ల సడలింపు ఉంది. పరిశోధన కాలంలో ప్రసూతి సెలవు 240 రోజుల దాకా ఇవ్వొచ్చు. పెళ్లయి, పిల్లలు పుట్టి, ఇక నావల్ల కాదని కాగితాలు కట్టగట్టేసిన మన ఆడపిల్లల్లో ఈ సంగతి తెలియనివాళ్లు ఉన్నారు. నాకు ఎక్కువ బాధ కలిగించేది అదే.

మీలో కొందరు రేపు గైడులవుతారు. తప్పులున్న మొదటి డ్రాఫ్టును నలుగురిలో పెట్టి మాట్లాడకండి. అలా మాట పడ్డ స్కాలరు రెండో డ్రాఫ్టు తేవడానికి జంకుతాడు.

ఈ రాత్రి ఇంటికెళ్లాక ఆ స్నేహితులకు ఫోన్ చేయండి. “ఎప్పుడు సబ్మిట్ చేస్తావు?” అని మాత్రం అడగొద్దు. ఆ ప్రశ్న ఇంట్లో రోజూ వింటూనే ఉంటారు. ఏ చాప్టరు దగ్గర ఆగిందో అడగండి. ఈ ఆదివారం వాళ్లింటికి వెళ్లి, ఉన్నది ఉన్నట్టుగా దాన్ని గైడుకు మెయిల్ చేసేదాకా పక్కనే కూర్చోండి.