దీక్షావస్త్రము – మిల్లు కొలువు
(కార్తిక మాసోపన్యాసము)



గుంటూరు చెంత పత్తి జిన్నింగు మిల్లులో పనిచేయు యువకుడొకడు నా యొద్దకు వచ్చెను. అయ్యప్ప మాలతో, నల్లని కండువాతో, పాదరక్షలు లేక పనికి పోగా, అవి మాని రమ్మని యజమాని పంపివేసెనట. “రాజ్యాంగము నాకు మతస్వేచ్ఛ నీయలేదా, పంతులుగారూ?” అని యడిగెను.

ఇచ్చినది. కాని 19, 25 అధికరణములు ముఖ్యముగా ప్రభుత్వమును కట్టడి చేయునవి. 25వ అధికరణము ప్రైవేటు యజమానిని సూటిగా పట్టదు. అతని మొగము చిన్నబోయెను.

కండువా విషయమున యజమానిదే న్యాయము. తిరుగు యంత్రమునకు నూనె వేయువాడు బిగుతు దుస్తులే ధరింపవలెనని, 2025 వఱకు అమలులో నుండిన 1948 నాటి కర్మాగారముల చట్టము చెప్పెడిది. రోలరులో కొస చిక్కినచో అది స్వామి యని చూడదు. చొక్కా లోపలి మాల యెవరి కడ్డము? ఎన్నికల వేళ ఇదే యజమాని తన పార్టీ కండువాలు పనివారిచే కప్పించెనట. అప్పుడు రోలరు గుర్తునకు రాలేదు కాబోలు! పోలింగు నాడు ప్రైవేటు యజమానియు జీతముతో సెలవీయవలెనని ప్రజాప్రాతినిధ్య చట్టమున నున్నది. కూలి చేతులకే గాని ఓటునకు కాదు.

మండలము ముగియువఱకు గోదాములో బేళ్ల పని యడుగుమంటిని. యజమాని మాలకు సమ్మతించెను. చెప్పులు మాత్రము తప్పవనెను. ఆ యువకునికి దానిపై నేనింకను సమాధానము చెప్పలేదు.