ఆమేన్ తర్వాత పావుగంట
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పెద్ద కుటుంబంలో క్రమశిక్షణ ఎలా ఉండేదో చెప్పమన్నారు. నల్లపాడులో మా ఇంట్లో పదకొండుమందిమి. మామ్మ, నాన్న, అమ్మ, పెళ్లికాని మేనత్త, మేం ఏడుగురు పిల్లలం. "ఎలా నెగ్గుకొచ్చారమ్మా?" అని ఇప్పటివాళ్లు అడుగుతారు. ఒక పలకతో నెగ్గుకొచ్చాం.

వంటింటి తలుపు పక్కన మేకుకి ఆ పలక వేలాడేది. ఎడమవైపు పేర్లు, కుడివైపు పనులు. చెరువు నీళ్లు, గేదె, పక్కలు, పొయ్యిలోకి పత్తి కట్టె విరవడం, మామ్మకి కాళ్లు పట్టడం, లాంతరు గాజు. లాంతరు గాజంటే అందరికీ హడలే. బూడిద పెట్టి తుడవాలి, చిట్లితే ఇంటిల్లిపాదీ మీద పడేవారు.

ఈ పద్ధతి మామ్మది. ఆమె గుంటూరు మిషను బోర్డింగులో చదువుకుంది. 1842లో హయ్యర్ దొరగారు గుంటూరులో అడుగుపెట్టాక లూథరన్ మిషను ఈ చుట్టుపక్కల బళ్లూ బోర్డింగులూ పెట్టుకుంటూ వచ్చింది. బోర్డింగులో లేవడానికి గంట, తినడానికి గంట, చదవడానికి గంట. గంట అయితే మా ఇంటికి రాలేదు గానీ, మామ్మ గొంతు వచ్చింది. అది చాలు.

రాత్రి ఏడింటికి కుటుంబ ప్రార్థన. ఒకరు వాక్యం చదవాలి, ఒకరు కీర్తన ఎత్తుకోవాలి, అందరికన్నా చిన్నవాడు పరలోక ప్రార్థన చెప్పాలి. "ఆమేన్" అన్నాక ఎవరూ లేవకూడదు. ఆ పావుగంటలోనే రేపటి వంతులు తేలేవి. ఎవరికి పరీక్ష ఉంది, ఎవరికి జ్వరం, ఎవరి చెప్పు తెగింది, అన్నీ అప్పుడే. మా ఇంట్లో అసలైన ప్రార్థన ఆ పావుగంటేనని మేనత్త నవ్వుతూ అనేది. మామ్మ వినకుండా అనేదనుకోండి.

డబ్బు సంగతి వేరు. మిరప డబ్బు వచ్చేది మాఘం తర్వాత, ఖర్చు ఏడాది పొడవునా. కాయలు గుంటూరుకి తోలి నాన్న డబ్బు తెస్తే అమ్మ ముందు దశమభాగం తీసి పక్కన పెట్టేది. ఆ తర్వాత ఫీజుల డబ్బా, విత్తనాల డబ్బా, కొట్టు బాకీల డబ్బా. డిసెంబరు నాటికి మూడూ అడుగంటేవి. అందుకే క్రిస్మస్ బట్టలు అప్పు మీదే. ఒకే తానులోంచి మగపిల్లలకి చొక్కాలు, మాకు గౌన్లు. గుడికి వెళ్తుంటే బ్యాండు మేళంలా ఉన్నారనేవాళ్లు.

కాయ కోతల రోజుల్లో మన క్లాసుల్లో సగం బల్లలు ఖాళీ. మాస్టార్లకి గుర్తుండే ఉంటుంది. అమ్మ మమ్మల్ని శనివారం తప్ప కోతకి పంపేది కాదు. తాలుకాయ ఏరి చేతులు మండితే మజ్జిగలో ముంచుకుని, ఆదివారం మామూలుగా సండే స్కూలుకి పోయేవాళ్లం. మా ఏడుగురిలో ఆరుగురం ఈ బళ్లో పదో తరగతి దాకా చదివామంటే అది ఆ పలక చలవే.

ఏడో పేరు మా పెద్దక్కది.

1977 నవంబరు 19 తుపాను ఈ సభలో చాలామందికి తెలుసు. దివిసీమ కొట్టుకుపోయింది. ఇటు రేపల్లె వైపు మా బాబాయి వాళ్ల ఇల్లూ పోయింది. బాబాయి, పిన్ని, ముగ్గురు పిల్లలు కట్టుబట్టలతో మా ఇంటికొచ్చారు. పదకొండు పదహారయ్యింది. మా చేలో పత్తికాయ కూడా నల్లబడి ఉంది. ఆ రాత్రి ఆమేన్ తర్వాత అమ్మ పలక తుడిచి మళ్లీ రాసింది. వంట రెండు పొయ్యిల మీద, భోజనాలు మూడు బంతులు, పక్కలు వసారాలో. అక్క ఎనిమిదో తరగతి. "నెల రోజులు ఇంటి దగ్గరుండమ్మా" అన్నారు. బాబాయి వాళ్లు మళ్లీ తొలకరికి గానీ వెళ్లలేదు. అప్పటికి బడి హాజరుపట్టీలో అక్క పేరు కొట్టేశారు. మళ్లీ వేయించాలని ఆమేన్ తర్వాత ఎవరం అడగలేదు.

నాకు చాలా ఏళ్లకి గానీ తట్టని సంగతి ఒకటుంది. ఆ పలక మీద అక్క పేరు అప్పటినుంచీ లేదు. నేను కాలేజీలో ఉండగా అమ్మని అడిగాను. "దానికి వంతేమిటే? నేనెంతో అదీ అంతే కదా" అంది. మెచ్చుకోలుగానే అంది. వంతు ఉన్నవాళ్ల పని పూర్తవుతుంది. వంతు లేనివాళ్ల పనికి పూర్తికావడమంటూ ఏముంటుంది? మా ఇంటి క్రమశిక్షణ గురించి చెప్పమన్నారు కనుక ఇది కూడా చెప్పాలి.

అక్క తర్వాత తన ఇల్లు నడిపింది, ఇద్దరు పిల్లల్ని ఇంజనీర్లని చేసింది. ఇప్పటికీ పండక్కి ముప్ఫైమందికి వండాలంటే మేం కాగితాలు వెతుక్కుంటాం, ఆమె వేళ్ల మీద లెక్క చెబుతుంది.

చివరికి కార్యదర్శిగారికి ఒక మనవి. మన సంఘం పుస్తకంలో పదో తరగతి పాసైనవాళ్ల పేర్లే ఎక్కించుకున్నాం. మధ్యలో ఆగినవాళ్లు ఎంతమందో పాత హాజరుపట్టీలు తీస్తే తెలుస్తుంది. కోతలకి ఆగినవాళ్లు, తమ్ముళ్లని ఎత్తుకోవడానికి ఆగినవాళ్లు, తుపానుకి ఆగినవాళ్లు. వాళ్లూ ఈ బడి పిల్లలే. ఆ పట్టీలు చూసి పేర్లు రాసిపెట్టే పని నాకు అప్పగించండి. అక్క ఇవాళ నాతో వచ్చింది, మూడో వరసలో కూర్చుంది. సభ్యత్వం కాగితం నింపింది. "చదివిన తరగతి" అన్నచోట "ఎనిమిది, నవంబరు వరకు" అని రాసింది. ఆ కాగితం మీ బల్ల మీదే ఉంది.